పట్టిక చూడకుండా రాసిన సంపాదకీయాలు: ఆర్‌సెప్ మీద మన పత్రికల అభిప్రాయాలు

(ఏలూరులో పత్రికా పాఠకుల సభలో చేసిన ప్రసంగం ఇది. రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగు విని టైపు చేశాం. వక్త ఒక దినపత్రికలో సంపాదకీయ పేజీ చూసి రిటైరయ్యారు.)

అందరికీ నమస్కారం. నిర్వాహకులు నాకిచ్చిన అంశం చాలా పెద్దది. స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందాలు, పత్రికల బాధ్యత అన్నారు. అంతా చెప్పాలంటే తెల్లారిపోతుంది. అందుకని నేను ఒకే ఒప్పందం తీసుకుంటాను, ఆర్‌సెప్. పత్రికలోనూ ఒకే పేజీ తీసుకుంటాను, సంపాదకీయం, దాని పక్కన వ్యాసాలు వచ్చే పేజీ. చాలామంది మడత కూడా విప్పకుండా దాటేసే పేజీ అది. నవ్వకండి, నేను ఉద్యోగం చేసింది ఆ పేజీలోనే, నాకు తెలుసు.

ఆర్‌సెప్ అంటే ప్రాంతీయ సమగ్ర ఆర్థిక భాగస్వామ్య ఒప్పందం. ఆగ్నేయాసియాలో ఆసియాన్ కూటమి దేశాలు అప్పటికి పది. వాటికి చైనా, జపాన్, దక్షిణ కొరియా, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, మన దేశం కలిపితే పదహారు. ఈ పదహారు దేశాల మధ్య చర్చలు 2012 నవంబరులో నాంపెన్‌లో మొదలయ్యాయి. ఏడేళ్లు సాగాయి. 2019 నవంబరు 4న బ్యాంకాక్‌లో మన ప్రధాని మేం చేరడం లేదని చెప్పేశారు. ఏ పని చేసినా నిరుపేదకి మేలు జరుగుతుందా అని చూసుకోమని గాంధీజీ చెప్పిన తాయెత్తుతో కొలిచి చూశాననీ, తన అంతరాత్మ కూడా ఒప్పుకోవడం లేదనీ అన్నారు. మిగిలిన పదిహేను దేశాలు 2020 నవంబరు 15న సంతకాలు చేశాయి. 2022 జనవరి 1 నుంచి అమలు మొదలైంది. ప్రపంచ జనాభాలో, ప్రపంచ ఉత్పత్తిలో దాదాపు 30 శాతం ఆ పదిహేను దేశాలది.

ఇంతవరకూ వార్త. వార్త పేజీ మీద నాకు ఫిర్యాదు లేదు. ఆ మర్నాటి ఎడిట్ పేజీ గుర్తుందా మీకు? ఆ వారం రోజుల పేజీలు? రెండు రకాల వ్యాసాలు వచ్చాయి. ఒక రకం, ‘దేశం బతికిపోయింది’. రెండో రకం, ‘దేశం బస్సు మిస్సయింది’. ఇంగ్లిషు పత్రికల్లో రెండోది కాస్త ఎక్కువ, తెలుగులో మొదటిది కాస్త ఎక్కువ. మొదటి రకంలో ఒక తమాషా ఉంది. ఆర్‌ఎస్‌ఎస్ కుటుంబానికి చెందిన స్వదేశీ జాగరణ్ మంచ్ వాళ్లు, వామపక్ష రైతు సంఘాల వాళ్లు ఒకే మాట అన్నారు. వాళ్లిద్దరినీ ఒకే పేజీలో పక్కపక్కన పెట్టే అవకాశం ఎడిటర్‌కి మళ్లీ ఎప్పుడొస్తుందో తెలీదు. ఇక పార్టీల సంగతి. చర్చలు మొదలుపెట్టింది కాంగ్రెస్ నడిపిన యూపీఏ ప్రభుత్వం, 2019లో వద్దని గట్టిగా అన్నదీ కాంగ్రెస్సే. ఇది ఒక్క పార్టీ జబ్బని అనుకోకండి. అధికారంలో ఉన్నప్పుడు ఒకటి, లేనప్పుడు ఒకటి. అందరిదీ అదే.

సరే, ఈ రెండు రకాల వ్యాసాలు రాసినవాళ్లలో ఒప్పందం చదివినవాళ్లు ఎంతమంది?

ఎవరూ లేరండీ. నేను ఎగతాళికి అనడం లేదు. చదవడానికి అది బయట లేదు. పూర్తి పాఠం, దేశాలవారీ సుంకాల పట్టికలతో సహా, అధికారికంగా బయటికొచ్చింది సంతకాలు అయ్యాక, 2020 నవంబరులో. అప్పటిదాకా లీకైన ముక్కలు, అధికారులు పేరు చెప్పకుండా విలేకరులకు చెప్పిన మాటలు, అంతే. అంటే 2019లో మన దేశంలో దీని మీద వచ్చిన ప్రతి సంపాదకీయం, అనుకూలమైనా వ్యతిరేకమైనా, కనబడని కాగితం మీద రాసిందే. అలా రాయడం తప్పంటారా? నేను తప్పనను. పత్రిక రేపటి దాకా ఆగలేదు. కానీ ‘ఈ పాఠం మేం చూడలేదు’ అన్న ఒక్క వాక్యం ఆ వ్యాసాల్లో ఉండాలా వద్దా? రహస్యంగా ఉంచడం మీదే ఒక సంపాదకీయం రావాలా వద్దా? పార్లమెంటు ముందు పెట్టకుండానే కేంద్రం ఇలాంటి ఒప్పందం మీద సంతకం చేయొచ్చు. మన పద్ధతి అలాగే ఉంది. వ్యవసాయం రాష్ట్రాల జాబితాలో ఉంది. ఒప్పందం మాత్రం కేంద్రం చేస్తుంది. దీని మీద రాసినవాళ్లు లేరని కాదు, చాలా తక్కువ.

పాఠం రహస్యమే అయినా, గొడవ దేని మీదో కొంతవరకు తెలుసు. అందులో ఒకటి నాకు చాలా ఇష్టమైన విషయం, కొంచెం ఓపిక పట్టండి. బేస్ ఇయర్. సుంకాలు తగ్గించుకుంటూ రావాలంటే ఎక్కడి నుంచి తగ్గించాలి? ఏదో ఒక సంవత్సరంలో ఉన్న సుంకాన్ని మొదటి మెట్టు అనుకోవాలి. చర్చల్లో పెట్టుకున్న సంవత్సరం 2014. మనవాళ్లు కాదు, 2019 పెట్టండి అన్నారు. వినడానికి గుమాస్తాల తగాదాలా ఉంది, అవునా? సెల్‌ఫోన్ తీసుకోండి. మీ జేబులో ఉన్నదే. 2014లో బయటి నుంచి వచ్చే ఫోన్ మీద మామూలు కస్టమ్స్ సుంకం సున్నా. 2017 జులైలో 10 శాతం వేశారు. ఆ డిసెంబరులో 15 చేశారు. 2018 బడ్జెట్‌లో 20 చేశారు. ఆ గోడ చాటునే ఇక్కడ ఫోన్లు బిగించే ఫ్యాక్టరీలు పెరిగాయి. మన శ్రీసిటీలోనూ ఉన్నాయి, వేలమంది ఆడపిల్లలు పనిచేస్తున్నారు. ఇప్పుడు చెప్పండి. ఫోన్ ఆ పట్టికలో ఉండి, బేస్ ఇయర్ 2014 అయితే ఏమవుతుంది? మొదటి మెట్టే సున్నా. ఇరవై ఏళ్ల గడువు, మెల్లగా తగ్గింపు, ఇవన్నీ ఆ ఒక్క వస్తువుకి మాటలే. ఫోన్‌ను పట్టిక నుంచి తప్పించుకోవచ్చు, నిజమే. కానీ 2014 తర్వాత మనం సుంకం పెంచిన వస్తువులు చాలా ఉన్నాయి. అన్నిటినీ తప్పిస్తామంటే అవతలివాళ్లు ఊరుకుంటారా?

దీన్ని వివరించిన తెలుగు వ్యాసం ఒకటి రెండు కంటే ఎక్కువ నేను చూడలేదు. కానీ ‘సార్వభౌమత్వం’ అన్న మాట లేని వ్యాసం కూడా చూడలేదు.

ఇంకో గొడవ, సరుకు పుట్టుక. ఈ సరుకు ఏ దేశానిది అని తేల్చే నిబంధనలు. ఆర్‌సెప్‌లో సాధారణ నియమం ఏమిటంటే, విలువలో 40 శాతం సభ్య దేశాల్లో చేరి ఉండాలి. ఇది కూడా విసుగు పుట్టించే విషయమే. కానీ మిరియాల రైతుని అడగండి, విసుగెందుకు పోతుందో తెలుస్తుంది. శ్రీలంకతో మనకు 2000 నుంచి ఒప్పందం ఉంది. ఆ దారిలో మిరియాలకు రాయితీ ఉంది. వియత్నాం మిరియాలు చవక. అవి శ్రీలంకకి వెళ్లి, అక్కడి సర్టిఫికెట్ తగిలించుకుని, ఇక్కడికి వస్తున్నాయని కేరళ, కర్ణాటక రైతులు ఏళ్ల తరబడి మొత్తుకున్నారు. చివరికి కేంద్రం ఏం చేసిందీ? 2017 డిసెంబరులో కిలో 500 రూపాయలకు తక్కువైతే దిగుమతి కుదరదని కనీస ధర పెట్టింది. అంటే ఒప్పందం తెరిచిన తలుపు ఇంకో కాగితంతో మూశారు. దొంగ దారుల్ని కనిపెట్టడానికి 2020 సెప్టెంబరు నుంచి కస్టమ్స్ కొత్త నిబంధనలు కూడా వచ్చాయి. ఆర్‌సెప్ మీద మనవాళ్ల భయం ఇక్కడి నుంచి వచ్చిందే. చైనా సరుకు తిన్నగా వస్తే పట్టుకోవచ్చు. ఇంకో దేశం పేరుతో వస్తే? దిగుమతులు ఉన్నట్టుండి పెరిగితే సుంకం దానంతటదే పెరిగేలా ఒక ఏర్పాటు కావాలని మన అధికారులు పట్టుబట్టారు. అడిగినంత దొరకలేదు.

ఇప్పుడు అంకెల సంగతి. వ్యతిరేక వ్యాసాలన్నిటికీ ఒకే ఆయుధం, వాణిజ్య లోటు. 2018–19లో ఆర్‌సెప్ దేశాలతో మన లోటు 105 బిలియన్ డాలర్లు. అందులో సగం, 53 బిలియన్ పైచిలుకు, ఒక్క చైనాతో. ఈ అంకె నిజమే. ఆర్‌సెప్ కంటే ముందే ఆసియాన్ దేశాలతో మనం విడిగా చేసుకున్న ఒప్పందం 2010 జనవరిలో అమల్లోకి వచ్చింది. 2010–11లో వాళ్లతో లోటు 5 బిలియన్ డాలర్లు. 2022–23కి 43 బిలియన్ దాటింది. ఇదీ నిజమే. ఈ రెండు అంకెలు పెట్టేసి ‘కనుక’ అని కొత్త పేరా మొదలుపెడతారు. ఆగండి. ఆ లోటులో ఏముంది? ఇండోనేషియా బొగ్గు ఉంది. అది మన విద్యుత్ కేంద్రాల్లో మండుతోంది. పామాయిల్ ఉంది. చైనా నుంచి వచ్చేవాటిలో మందుల తయారీకి కావలసిన ముడి రసాయనాలున్నాయి. బయటి నుంచి కొనే బల్క్ డ్రగ్స్‌లో మూడింట రెండొంతులు అక్కడివే. అవి హైదరాబాద్ చుట్టుపక్కల ఫ్యాక్టరీల్లో మాత్రలుగా మారి అమెరికాకి పోతున్నాయి. చైనాతో లెక్కలో నష్టం, అమెరికాతో లెక్కలో లాభం. రెండూ ఒకే మాత్రవి. ఒక గడి చూపించి ఇంకో గడి దాచిపెడితే, ఆ వ్యాసం ఎంత ఆవేశంగా ఉంటే అంత అనుమానించాలి.

అలాగని రెండో రకం వాళ్లు శుద్ధులా? వాళ్ల ఆయుధం ‘అధ్యయనాలు చెబుతున్నాయి’. ఏ అధ్యయనం? దిగుమతులు పెరిగినంతగా ఎగుమతులు పెరగలేదని, రాయితీలు వాడుకోవడంలో మన ఎగుమతిదారులు బాగా వెనకబడ్డారని చెప్పింది నీతి ఆయోగ్ నుంచి 2017లో వచ్చిన పత్రం. 2019–20 ఆర్థిక సర్వే ఏం చెప్పిందీ? ఒప్పందాల వల్ల పారిశ్రామిక సరుకుల ఎగుమతులు 13.4 శాతం, దిగుమతులు 12.7 శాతం పెరిగాయి, కాబట్టి మనకే లాభం అంది. రెండూ ఢిల్లీ నుంచే వచ్చాయి, రెండూ ప్రభుత్వ ముద్రతోనే వచ్చాయి. వ్యతిరేకులు మొదటి పత్రం ఒక్కటే ఉందన్నట్టు రాశారు. అనుకూలురు రెండోది ఒక్కటే ఉందన్నట్టు రాశారు. ఆర్థికవేత్త సుర్జీత్ భల్లా అధ్యక్షతన ప్రభుత్వం వేసిన ఉన్నత స్థాయి సలహా బృందం ఆర్‌సెప్‌లో చేరమనే చెప్పింది. చేరం అన్న ప్రకటన వచ్చింది అయిదారు రోజుల తేడాలోనే. అంటే ప్రభుత్వం లోపలే రెండు మాటలున్నాయి. పాఠకుడికి ఆ రెండూ పక్కపక్కన పెట్టి చూపిస్తే చాలు, సగం పని అయిపోతుంది. మేం చూపించలేదు అనుకోండి. ‘మేం’ అంటే నేనొక్కణ్ణే కాదు, ఆ పేజీలన్నీ.

పాల సంగతి చెప్పకపోతే మీరు ఒప్పుకోరు. ఎదురుగా ఇద్దరు ముగ్గురు పాడి రైతులు కనబడుతున్నారు. ఎడిట్ పేజీలో ఒక్క పాలకే న్యాయం జరిగింది. ఎందుకంటే అమూల్ మాట్లాడింది, సహకార డెయిరీలు మాట్లాడాయి. న్యూజిలాండ్ జనాభా 50 లక్షలు. పాలు పిండుకుని దాదాపు మొత్తం ఎగుమతి చేసే దేశం. మనకు 2018–19లో పాల దిగుబడి 18.77 కోట్ల టన్నులు. అనుకూలంగా రాసినవాళ్లు ఏమన్నారంటే, న్యూజిలాండ్ తన పాలన్నీ తెచ్చి ఇక్కడే పోసినా మన పాలల్లో ఎనిమిదో వంతుకి మించవు, దీనికింత గోలెందుకని. లెక్క సరిగ్గానే ఉంది. కానీ పాల ధర అలా తయారవదు. మీకు తెలుసు. పాలు ఎక్కువైన నెలల్లో డెయిరీ పౌడర్ కొట్టి పెట్టుకుంటుంది. పౌడర్ ధర పడితే ఏమవుతుంది? డెయిరీ దగ్గర డబ్బు ఇరుక్కుపోతుంది. మర్నాడు మీ ఊరి కేంద్రంలో వెన్న శాతానికి ఇచ్చే రేటు తగ్గుతుంది. 2018లో మహారాష్ట్ర రైతులు పాలు రోడ్డు మీద పారబోశారు, గుర్తుందా? అది న్యూజిలాండ్ పౌడర్ వచ్చి పడినందుకు కాదు. మన పౌడరే మనకెక్కువైంది. ధర పడగొట్టడానికి అంత చాలు. పౌడర్ మీద మనం 60 శాతం సుంకం పెట్టుకున్నది ఊరికే కాదు. కాబట్టి ఆ వాదనలో ‘ఎన్ని పాలు’ అన్నది కాదు ప్రశ్న, ‘ఎంత పౌడర్, ఏ ధరకి’ అన్నది ప్రశ్న. ఈ సంగతి రాసింది ఆర్థికవేత్తలు కాదు, డెయిరీ నడిపేవాళ్లు.

ఇక మన సంగతి. నేను ఏలూరు వచ్చి పామాయిల్ గురించి మాట్లాడకుండా పోతే పెదవేగి వాళ్లు నన్ను బస్సెక్కనివ్వరు. దేశంలో ఆయిల్‌పామ్ గెలల్లో ఎక్కువ భాగం ఆంధ్రలో పండుతుంది, దాని తర్వాత తెలంగాణ. కేంద్ర పరిశోధన సంస్థ ఇక్కడే పెదవేగిలో ఉంది. అయినా మనం వాడే వంటనూనెలో సగానికి పైగా బయటి నుంచే వస్తోంది. అందులో పెద్ద వాటా ఇండోనేషియా, మలేషియా పామాయిల్‌ది. అంటే ఆసియాన్ ఒప్పందంతో నేరుగా ముడిపడిన పంట మన జిల్లాలో ఉంది. గెల ధర ఎలా కడతారో ఈ హాల్లో చాలామందికి నాకంటే బాగా తెలుసు. ముడి నూనె ధర, గెలలో నూనె శాతం, ఈ రెండిటి మీద లెక్క. ఆ నూనె శాతం మీద, పక్క రాష్ట్రంలో ఇచ్చినంత మాకెందుకివ్వరని మీరు ఎన్ని ధర్నాలు చేశారో కూడా తెలుసు.

ఇప్పుడు నేను చెప్పేది కొందరికి నచ్చదు. ఆయిల్‌పామ్ రైతు దెబ్బతిన్నప్పుడల్లా ‘ఆసియాన్ ఒప్పందం వల్ల’ అని రాసేశాం. నిజమా? పట్టిక తీసి చూడండి. ఆ ఒప్పందం ప్రకారం 2019 ఆఖరుకి ముడి పామాయిల్ మీద సుంకం 37.5 శాతానికి, రిఫైన్డ్ మీద 45 శాతానికి దించాలి. 2020 జనవరిలో దించారు. ఇది ఒప్పందం పెట్టిన పైకప్పు. దీనికంటే ఎక్కువ వేయకూడదు. తక్కువ వేయమని ఎవరూ చెప్పలేదు. కానీ ఏం జరిగింది? 2020 నవంబరులో ముడి నూనె మీద 27.5 శాతం చేశారు. ఆ తర్వాత తగ్గిస్తూ తగ్గిస్తూ 2022 ఫిబ్రవరికి సెస్సుతో కలిపి 5.5 శాతానికి తెచ్చారు. 37.5 వేసుకునే హక్కు ఉండగా 5.5! జకార్తా అడిగిందా? కౌలాలంపూర్ అడిగిందా? ఎవరూ అడగలేదు. నూనె ప్యాకెట్ ధర పెరిగిందని ఢిల్లీకి టెన్షన్ వచ్చింది, తగ్గించేసింది.

ఆ టెన్షన్‌లో తప్పు లేదు. 2022లో ఇండోనేషియా ఎగుమతులే నిలిపేసింది, ప్రపంచమంతా నూనె ధర మండిపోయింది. ఇక్కడ టన్ను గెల 20 వేలు దాటింది. అప్పుడు సుంకం తగ్గిస్తే మీరూ పట్టించుకోలేదు, నిజం చెప్పండి. సమస్య ఆ తర్వాత వచ్చింది. అక్కడి నుంచి ధర ఎలా జారిందో నేను మీకు చెప్పక్కర్లేదు. ధర జారింది, సుంకం మాత్రం ఆ అడుగునే ఉండిపోయింది. రెండేళ్లకు పైగా అలాగే ఉంది. 2024 సెప్టెంబరులో 27.5 శాతానికి పెంచారు. గెల రేటు కాస్త లేచింది. 2025 మే 30న మళ్లీ 16.5కి దించారు. ఇంతలో 2021లోనే ఆయిల్‌పామ్ మిషన్ పేరుతో 11,040 కోట్లు ప్రకటించి, మొక్కలు వేయండి వేయండి అన్నారు. మొక్క కాపుకి రావడానికి నాలుగేళ్లు. చెట్టు పాతికేళ్లు పైన నిలబడుతుంది. పాతికేళ్ల పంటకి ఎనిమిది నెలల సుంకం!

మరి దీనిలో విదేశీ ఒప్పందం ఎక్కడుంది? దాదాపు లేదు. ఇది ఒప్పందం కట్టేసిన చెయ్యి కాదు, విప్పి ఉన్న చెయ్యే. ఆ చేత్తో ఎప్పుడు ఎవరిని కాపాడాలన్నది ఢిల్లీ నిర్ణయం. ఎడిట్ పేజీ ఏం చేసిందీ? కోపాన్ని జకార్తా మీదికి, జెనీవాలో ఉన్న ప్రపంచ వాణిజ్య సంస్థ మీదికి పంపింది. ఆర్థిక శాఖ నోటిఫికేషన్ మీద ఒక పేరా కూడా రాయలేదు. ఆ నోటిఫికేషన్లు రాత్రిపూట వస్తాయి, నంబర్లతో ఉంటాయి, ‘సామ్రాజ్యవాదం’ అంత గంభీరంగా ఉండవు. నాకు వామపక్ష మిత్రులు చాలామంది ఉన్నారు, వాళ్లు కోప్పడతారేమో. కోప్పడనివ్వండి. ఆసియాన్ ఒప్పందం మీద కేరళలో వాళ్లు చేసిన పోరాటం చిన్నది కాదు. రబ్బరు మీద, మిరియాల మీద వాళ్లన్న మాటల్లో చాలా నిజముంది. కానీ కేరళలో మిరియాలకి రాసిన వ్యాసాన్ని తెలుగు చేసి ఏలూరులో ఆయిల్‌పామ్‌కి అంటిస్తే అతకదు.

ఇంకో చిన్న ముక్క. పైకప్పు ఉన్నా, కావాలనుకుంటే ఢిల్లీ దారి చూసుకుంటుందని చెప్పడానికి. 2020 జనవరి 8న రిఫైన్డ్ పామాయిల్‌ని ‘పరిమితి’ జాబితాలో పెట్టారు, లైసెన్సు లేకుండా తేకూడదని. సుంకం ముట్టుకోలేదు. కశ్మీర్ మీద మలేషియా ప్రధాని మాట్లాడిన మాటలకు ఇది జవాబని అందరూ అనుకున్నారు. ఒప్పందం అలాగే ఉంది, ఓడలు ఆగాయి.

అవతలి వైపు కూడా చూడాలి. ఆర్‌సెప్‌లో మనం చేరితే లాభపడేవాళ్లు ఎవరు? వాళ్ల వ్యాసం ఒక్కటైనా చదివారా మీరు? తేజ మిర్చి పెద్ద ఎత్తున కొనేది చైనా. వియత్నాం, థాయ్‌లాండ్ కూడా కొంటాయి. అంటే గుంటూరు యార్డులో రేటు ఆర్‌సెప్ దేశాల చేతుల్లో కొంత ఉంది. మిర్చి రైతు తరఫున ‘చేరితే మనకేంటి’ అని లెక్క వేసినవాళ్లు లేరు. రొయ్యలు తీసుకోండి. భీమవరం చుట్టూ చెరువులున్నాయి, పెద్ద మార్కెట్ అమెరికా ఒక్కటే. అక్కడ 2025 ఆగస్టు 27 నుంచి మన సరుకు మీద సుంకం 50 శాతం అయింది. ఆ వారం కొనుగోలుదారులు కౌంట్‌కి, అంటే కిలోకి ఎన్ని రొయ్యలు తూగుతాయన్న లెక్కకి, ఇంత అని రేటు ఎలా కోశారో పశ్చిమ గోదావరి వాళ్లని అడగండి. అప్పుడు అందరికీ గుర్తొచ్చింది, అయ్యో, వేరే మార్కెట్లు చూసుకోలేదే అని. వేరే మార్కెట్లు ఎక్కడున్నాయి? జపాన్, చైనా, కొరియా, వియత్నాం. ఆర్‌సెప్ జాబితాయే అది. జపాన్, కొరియాలతో మనకు విడిగా ఒప్పందాలున్నాయి, నిజమే. కానీ 2019లో ‘రైతు ప్రయోజనం’ అని రాసిన ప్రతిచోటా రొయ్యల రైతు, మిర్చి రైతు లేకుండానే రాశారు. రైతు అంటే పాల రైతు, అంతే అయిపోయింది. నష్టపోయేవాడు అరుస్తాడు, పత్రికకి వినబడుతుంది. లాభపడేవాడు ఇంకా లాభపడలేదు కాబట్టి అరవడు. అతని తరఫున విలేకరే వెళ్లి అడగాలి.

తర్వాత ఏమైందో త్వరగా చెప్పి ముగిస్తాను, టైమ్ అయిపోతోందని అధ్యక్షులు గడియారం చూస్తున్నారు. ‘బతికిపోయాం’ అన్నవాళ్లు చైనా సరుకు ఆగుతుందన్నారు. 2018–19లో చైనాతో లోటు 53 బిలియన్లు అన్నాను కదా? 2024–25లో 99 బిలియన్లు. ఆర్‌సెప్ లేకుండానే. చైనా పెట్టుబడులకి అడ్డం పెట్టాక, గల్వాన్ లోయలో ఘర్షణ తర్వాత చైనా యాప్‌లు నిషేధించాక. ‘బస్సు మిస్సయ్యాం’ అన్నవాళ్లు కూటమిలో ఉంటే చైనా నియమాలకి కట్టుబడుతుందన్నారు. 2020 నవంబరు 15న చైనా, ఆస్ట్రేలియా ఒకే ఒప్పందం మీద సంతకాలు చేశాయి. రెండు వారాలు తిరక్కుండా ఆస్ట్రేలియా వైన్ మీద చైనా విపరీతమైన సుంకాలు ప్రకటించింది. బార్లీ మీద ఆ ఏడాది మేలోనే వేసింది. ఈ రెండు జోస్యాలు చెప్పినవాళ్లలో ఎవరైనా మళ్లీ వచ్చి ‘నేను అలా రాశాను, ఇలా జరిగింది’ అని రాయడం నేను చూడలేదు. వ్యాసం కింద పేరుంటుంది, ఫొటో ఉంటుంది, లెక్క అప్పజెప్పడం మాత్రం ఉండదు.

మీరేమంటారు అని నన్ను అడుగుతారు. 2019లో ఆ బేస్ ఇయర్‌తో, ఆ రక్షణలు లేకుండా సంతకం పెట్టకపోవడం సరైన పనే అని నా అభిప్రాయం. కానీ దాన్ని విజయోత్సవంలా రాయడం సరికాదు. బయట ఉన్నంత మాత్రాన మన ఫ్యాక్టరీ మెరుగుపడదు, మన రొయ్యకి కొత్త మార్కెట్ రాదు. ప్రభుత్వానికీ ఆ సంగతి తెలుసు. 2022లో యూఏఈతో, ఆస్ట్రేలియాతో, 2024లో స్విట్జర్లాండ్, నార్వే ఉన్న నాలుగు దేశాల కూటమితో, 2025 జులైలో బ్రిటన్‌తో వరసగా సంతకాలు చేసింది. ఆస్ట్రేలియా ఒప్పందంలో పాలు లేవు, తప్పించారు. పొడుగు పింజ పత్తికి మాత్రం 51 వేల టన్నుల దాకా సుంకం లేకుండా కోటా ఇచ్చారు. చూశారా, వస్తువు వస్తువుకీ ఒక కథ. 2024 నవంబరులో నీతి ఆయోగ్ సీఈవో సుబ్రహ్మణ్యం గారు మళ్లీ ఆర్‌సెప్‌లో చేరాలన్నారు. చర్చ చచ్చిపోలేదు.

ఆసియాన్ ఒప్పందాన్ని తిరగరాయాలని 2023లో రెండు వైపులా నిర్ణయించుకున్నాయి. 2025కల్లా ముగించాలని గడువు పెట్టుకున్నాయి. కొత్త పట్టిక ఎప్పుడు బయటికొచ్చినా, మర్నాడు మీ పత్రికలో వ్యాసం వస్తుంది. ‘ఆసియాన్‌తో బంధం బలోపేతం’ అని ఒకాయన, ‘రైతు మెడకు ఉరి’ అని ఇంకొకాయన రాస్తారు. ఇప్పుడే చెబుతున్నాను, రాసిపెట్టుకోండి. మీరు మాత్రం అందులో ఒక్కటే వెతకండి. ముడి పామాయిల్ వరసలో ఆ 37.5 ఉందా, మారిందా? మారితే ఎన్నేళ్లలో, ఎంతకి? ఆ అంకె వ్యాసంలో లేకపోతే ఎడిటర్‌కి ఉత్తరం రాయండి. ఉత్తరాలు చదువుతారండీ, నేను చదివేవాణ్ణి. అయిదారు ఉత్తరాలు ఒకే విషయం మీద వస్తే ఆ వారం మీటింగులో దాని గురించి మాట్లాడుకునేవాళ్లం.

ప్రశ్నలకి పావుగంట ఇచ్చారు. గెల ధర గురించి అడగాలనుకునేవాళ్లు ముందు అడగండి, మిగతావాళ్లు తర్వాత.